ఓట్స్ లింకేజీ మ్యాప్: 21 గ్రూపులు రావాల్సింది 17 వచ్చాయి, పొడవు 6,400 సెంటీమోర్గాన్లు. తప్పు ఎక్కడుంది?

పెన్నాతీరం (నెల్లూరు)

అందరికీ నమస్కారం. వరిలో లింకేజీ మ్యాపింగ్ (మార్కర్లు ఎంత తరచుగా కలిసి వారసత్వంగా వస్తాయో చూసి క్రోమోజోము మీద వాటి వరుస, దూరం కట్టడం; దూరానికి కొలత సెంటీమోర్గాన్) మాకు అలవాటే గానీ ఓట్స్ డేటా చేతికి రావడం ఇదే మొదలు. వివరాలన్నీ ఒకేసారి ఇస్తున్నాను.

తల్లి పచ్చిమేత రకం, తండ్రి గింజ రకం. ఒక్కో మొక్క నుంచి ఒక్కో గింజ తీసుకుంటూ ఎఫ్6 (క్రాస్ తర్వాత ఆరో తరం) దాకా తెచ్చిన ఆర్‌ఐఎల్ (స్వపరాగంతో స్థిరపడిన) లైన్లు 182. జీబీఎస్ (ఎంజైములతో కోసిన డీఎన్‌ఏ ముక్కలను చదివి మార్కర్లు తీయడం) బయట చేయించాం, పీఎస్‌టీ-1, ఎంఎస్‌పీ-1 ఎంజైముల జతతో. తల్లికీ తండ్రికీ తేడా ఉన్న స్నిప్ (ఒక్క బేసు తేడా) మార్కర్లు 3,912 మిగిలాయి. మార్కర్‌కి సగటున 6 రీడ్లు (చదివిన ముక్కలు). డేటా మొత్తంలో హెటిరోజైగస్ (తల్లి రూపం, తండ్రి రూపం రెండూ ఉన్నట్టు వచ్చిన) కాల్స్ 9 శాతం.

జాయిన్‌మ్యాప్ (మ్యాప్ కట్టే సాఫ్ట్‌వేర్)లో లాడ్ (రెండు మార్కర్లు నిజంగా కలిసే వస్తున్నాయనే నమ్మకానికి కొలత) 4 దగ్గర గ్రూపులు విడదీస్తే 17 వచ్చాయి. లాడ్ 10 దగ్గర 31. మ్యాప్ మొత్తం పొడవు 6,400 సెంటీమోర్గాన్లు, ఒక్క గ్రూపే 580. ఓట్స్‌కి 42 క్రోమోజోములు, అంటే 21 జతలు. 21 గ్రూపులు రావాలి కదా? ఏ మెట్టు దగ్గర తప్పు జరిగిందో చెప్పగలరా?

మొలగొలుకులు (నెల్లూరు)

ముందు ఒక్క మాట చెప్పండి. ఫైలు మొదట్లో పాపులేషన్ రకం ఏమని ఇచ్చారు? ఆర్‌ఐ6 (ఎఫ్6 ఆర్‌ఐఎల్) అనా, డీహెచ్1 (ఎఫ్1 నుంచి నేరుగా చేసిన డబుల్డ్ హాప్లాయిడ్) అనా? 9 శాతం హెటిరో కాల్స్‌ని ఖాళీగా వదిలి డీహెచ్ కోడ్ పెట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ కోడ్ పెడితే పొడవు దాదాపు రెట్టింపు అవుతుంది.

కారణం ఇది. డీహెచ్‌లో మియోసిస్ (క్రోమోజోములు ముక్కలు మార్చుకునే కణ విభజన) ఒక్కసారే. ఆర్‌ఐఎల్‌లో ఎఫ్1 నుంచి ప్రతి తరంలోనూ మార్పిడి జరుగుతూనే ఉంటుంది, హోమోజైగస్ అయ్యేకొద్దీ ఫలితం కనపడటం ఆగుతుంది. అందుకే చివరి లైన్లలో కనపడే మార్పిడి నిష్పత్తి ఆర్ అనుకుంటే, ఒక్క మియోసిస్‌కి లెక్క ఆర్‌ని 2(1−ఆర్)తో భాగించగా వచ్చేది. 10 శాతం లైన్లలో రెండు మార్కర్లూ విడిపోయాయంటే 0.10ని 1.8తో భాగించండి, 0.056 వస్తుంది. అసలు దూరం 5.6 సెంటీమోర్గాన్లు. డీహెచ్ అని చెబితే సాఫ్ట్‌వేర్ దాన్ని 10గా చూపిస్తుంది.

పెన్నాతీరం

డీహెచ్1 అనే పెట్టాం మేడం. పాత వరి ఫైలు నుంచి తల భాగం అలాగే వచ్చేసింది. ఆర్‌ఐ6కి మార్చి మళ్లీ నడిపితే 3,850కి దిగింది. అయినా ఎక్కువే అనిపిస్తోంది. గ్రూపులు మాత్రం మారలేదు.

ఒంగోలు_శనగ

శనగలో 8 జతలు. లాడ్ పెంచుకుంటూ పోయి 8 గ్రూపులు వచ్చిన చోట ఆపుతాం. ఇక్కడా 4కీ 10కీ మధ్య 21 వచ్చే చోటు ఒకటి ఉంటుంది, అక్కడ ఆపేయండి.

కందుకూరు_బేరన్

శనగ గారూ, ఆ పద్ధతి ఇక్కడ పనిచెయ్యదు. 21 వచ్చిన చోట ఆపితే, అందులో రెండు క్రోమోజోములు కలిసిపోయిన గ్రూపులూ ఉంటాయి, ఒకే క్రోమోజోము రెండు ముక్కలైన గ్రూపులూ ఉంటాయి. అంకె సరిపోతుంది, లోపల ఉన్నది సరిపోదు.

సాగు ఓట్స్ హెక్సాప్లాయిడ్. ఎ, సి, డి అని మూడు జీనోములు, ఒక్కోదానికి 7 జతలు. మొత్తం డీఎన్‌ఏ సుమారు 11,000 మెగాబేసులు. వరి 390 దగ్గర ఆగుతుంది. వరిలో ఒక సెంటీమోర్గాన్ అంటే దాదాపు 250 కిలోబేసులు, ఓట్స్‌లో సగటున 4 మెగాబేసులకు దగ్గర. అందులో ఎక్కువ భాగం పునరావృత డీఎన్‌ఏనే. పీఎస్‌టీ-1 లాంటి మిథైలేషన్‌కి (డీఎన్‌ఏ మీద చేరే రసాయన గుర్తుకి) ఆగే ఎంజైమును వాడటం అందుకే, జన్యువులున్న భాగం నుంచే ఎక్కువ ముక్కలు రావాలని.

అసలు చిక్కు మూడు జీనోములూ ఒకదానికొకటి పోలి ఉండటం. జీబీఎస్ రీడ్ పొడవు తక్కువ. ఎ జీనోములోని ముక్క, డి జీనోములోని దాని జోడు ముక్క దాదాపు ఒకేలా ఉంటే సాఫ్ట్‌వేర్ రెండింటినీ ఒకే లోకస్‌గా (క్రోమోజోము మీద ఒకే చోటుగా) పోగేస్తుంది. అప్పుడు ఏమవుతుందో చూడండి. డి మీద తల్లికీ తండ్రికీ తేడా లేదు, రెండింటిలోనూ 'జి' అనే బేసు. ఎ మీద తల్లికి 'జి', తండ్రికి 'టి'. లైన్లలో సగం 'జి, జి', మిగతా సగం 'జి, టి'. ఉత్త 'టి' మాత్రం ఒక్క లైనులోనూ రాదు. అంటే సగం లైన్లు హెటిరోజైగస్‌గా కనపడతాయి. అవి హెటిరో కావు, రెండు వేర్వేరు లోకస్‌లు ఒకే పేరుతో ఉన్నాయంతే.

ఎఫ్6లో హెటిరో ఎంత ఉండాలి? ఎఫ్2లో 50 శాతం, తరానికి సగం చొప్పున తగ్గి ఎఫ్6కి 3.1. మీకు 9 ఉంది. ఆ తేడా అంతా ఇలా కలిసిపోయిన మార్కర్ల నుంచే వస్తోందని నా అంచనా. మార్కర్ వారీగా హెటిరో శాతం లెక్కేసి గ్రాఫ్ గీయండి. 0-6 మధ్య ఒక గుట్ట, 35-50 మధ్య ఇంకో చిన్న గుట్ట కనపడాలి. ఆ రెండో గుట్టను వెంటనే పక్కకి తియ్యండి.

ఇంకా ప్రమాదం ఈ రెండు గుట్టల మధ్య ఉన్నవాటితో. లోతు 6 రీడ్లే కదా. 'జి, టి' ఉన్న లైనులో ఆరుకి ఆరూ 'టి'యే పడితే అది ఉత్త 'టి' అని రాసుకుంటుంది, ఆరూ 'జి' పడితే ఉత్త 'జి' అని. అలా కలిసిపోయిన మార్కర్ మంచి కోడామినెంట్ (తల్లి రూపం, తండ్రి రూపం రెండూ విడిగా కనపడే) మార్కర్‌లా వేషం వేసుకుని వస్తుంది. రెండు క్రోమోజోములను తప్పుగా అతికించేవి, ఒకే క్రోమోజోమును సాగదీసేవి ఇవే.

మేము పనిచేసే పొగాకు కూడా అల్లోటెట్రాప్లాయిడ్, 48 క్రోమోజోములు, రెండు జీనోములు. ఇదే తలనొప్పి అక్కడా ఉంది గానీ ఓట్స్‌లో రెండింటికి బదులు మూడు.

సర్వేపల్లి_కాలువ

కందుకూరు అన్న చెప్పింది నిజం. దానికి అంకెలు చేరుస్తా.

కలిసిపోయినవి ఎన్ని కాపీలో తెలుసుకోవాలంటే రీడ్ల నిష్పత్తి చూడండి. 'హెటిరో' లైన్లన్నింటిలోని రీడ్లు కలిపితే 50:50 ఉంటే రెండు కాపీలు కలిశాయి. 67:33 ఉంటే మూడు జీనోముల కాపీలూ కలిశాయి.

వీటిని అన్నింటినీ పారెయ్యాల్సిన పని లేదు. ఆర్‌ఐఎల్ కాబట్టి 'టి ఉంది, టి లేదు' అని డామినెంట్‌గా రాసుకున్నా సమాచారం దాదాపు పోదు, లైన్లు హోమోజైగస్ కదా. కానీ లోతు ఉండాలి. మూడో వంతు రీడ్లే 'టి' అయినప్పుడు, 6 రీడ్లలో ఒక్క 'టి' కూడా పడకపోయే అవకాశం దాదాపు 9 శాతం. 12 రీడ్లుంటే 1 శాతం లోపు. కాబట్టి 12కి తక్కువ లోతున్న చోట ఖాళీ అని పెట్టండి. అలా పెడితే ఖాళీలు 20 శాతం దాటుతున్నాయంటే ఆ మార్కర్‌ని వదిలెయ్యండి.

మిగిలిన నిజమైన 3 శాతం హెటిరో కాల్స్‌ని కూడా మ్యాప్ గీసేటప్పుడు ఖాళీగా మార్చడమే నాకు ఇష్టం. ఈ లోతులో వాటిని నమ్మలేం. 5 రీడ్లున్న నిజమైన హెటిరో, హోమోగా కనపడే అవకాశం 6 శాతం పైన. 3 రీడ్లే అయితే 25.

కాల్ తప్పులు పొడవును ఎంత ఉబ్బిస్తాయో తెలిస్తే ఇంత ఎందుకు పట్టుబడుతున్నానో అర్థమవుతుంది. వరుసలో మధ్యనున్న ఒక్క మార్కర్ తప్పయితే దానికి ఇరువైపులా రెండు దొంగ మార్పిడులు పుడతాయి. 1 శాతం తప్పులుంటే ప్రతి మార్కర్ ఆర్ లెక్కలో 2 శాతం చేరుస్తుంది, ఆర్‌ఐఎల్ సూత్రం తర్వాత అది 1 సెంటీమోర్గాన్. క్రోమోజోము మీద 100 మార్కర్లుంటే 100 సెంటీమోర్గాన్లు ఉత్త గాలి. మార్కర్లు ఎక్కువైతే మ్యాప్ మెరుగవుతుందని అనుకుంటాం. తప్పులున్న మార్కర్లు ఎక్కువైతే ఉబ్బుతుంది, అంతే.

గుండ్లకమ్మ (అద్దంకి)

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి జీబీఎస్ ఖర్చు మా వల్ల కాదు. వరికి ఆర్‌ఎం మార్కర్లు వాడినట్టు ఓట్స్‌కి ఎస్‌ఎస్‌ఆర్‌లు (చిన్న పునరావృతాల పొడవు తేడా చూపే పీసీఆర్ మార్కర్లు) వాడి మ్యాప్ చెయ్యొచ్చా అండీ? అగరోజ్ జెల్ సరిపోతుందా?

మొలగొలుకులు

చెయ్యొచ్చమ్మా, ఏఎం అనే పేరుతో మొదలయ్యే ప్రైమర్లు 2000 నుంచే ఉన్నాయి. కానీ 21 జతలనూ కప్పేంత మ్యాప్ వాటితోనే గీస్తానని మాత్రం అనుకోకు. ఒక లక్షణానికి ఒక ప్రాంతం గుర్తించడానికి పనికొస్తాయి.

అగరోజ్ చాలదు. అగ్గితెగులు తట్టుకునే పీఐ54 జన్యువుకి ఆర్‌ఎం206 చూడటానికి 3.5 శాతం అగరోజ్‌తో వరిలో నెట్టుకొస్తాం. ఓట్స్‌లో ఒక్క ప్రైమర్ జత మూడు జీనోముల నుంచీ పట్టుకొస్తుంది, రెండు మూడు పట్టీలు పడతాయి, వాటి మధ్య తేడా కొన్ని బేసులే. 6 శాతం పాలీఅక్రిలమైడ్, సిల్వర్ స్టెయిన్. తల్లిలో ఉండి తండ్రిలో లేని పట్టీని మాత్రమే లెక్కకు తీసుకో, అందరిలోనూ కదలకుండా ఉన్న పట్టీని వదిలెయ్. ఒకే ప్రైమర్ రెండు చోట్ల విడివిడిగా విడిపోతుంటే పేరు చివర ఎ, బి అని చేర్చి రెండు లోకస్‌లుగా రాసుకో. వాటిని ఒకే లోకస్ అల్లీల్స్ (వేర్వేరు రూపాలు) అని కలపడమే అందరూ చేసే తప్పు.

పీసీఆర్ 10 మైక్రోలీటర్లలో: డీఎన్‌ఏ 30 నానోగ్రాములు, మెగ్నీషియం క్లోరైడ్ 1.5 మిల్లీమోలార్, డీఎన్‌టీపీలు ఒక్కోటి 0.2 మిల్లీమోలార్, ప్రైమర్లు ఒక్కోటి 0.2 మైక్రోమోలార్, టాక్ అర యూనిట్. 94 డిగ్రీల్లో 5 నిమిషాలు, ఆపైన 94, 55, 72 డిగ్రీల్లో 30, 30, 45 సెకన్ల చొప్పున 35 సార్లు, చివర 72లో 7 నిమిషాలు. అదనపు పట్టీలు ఎక్కువైతే 65 నుంచి మొదలుపెట్టి సైకిల్‌కి ఒక డిగ్రీ దించుకుంటూ 55కి రా.

ఉదయగిరి_మెట్ట

డీఎన్‌ఏ గురించి కూడా ఒక మాట, ఎందుకంటే జీబీఎస్ అయినా ఎస్‌ఎస్‌ఆర్ అయినా మూలం అదే.

ఓట్స్ ఆకులో పాలీశాకరైడ్లు ఎక్కువ. మేత కోతకొచ్చిన ఆకు తెస్తే ట్యూబు అడుగున జిగురు తప్ప ఏం మిగలదు. మొలిచిన 10-14 రోజుల మొక్క ఆకే తీసుకోండి, ముందు రోజంతా చీకట్లో ఉంచితే పిండిపదార్థం తగ్గుతుంది. మన ఎండకి పొలంలో కోసిన ఆకు ల్యాబ్‌కి వచ్చేలోపు వాడిపోతుంది, ఐసు మీద తేవాలి. ఐసు దొరకని చోట సిలికా జెల్ సంచుల్లో, ఆకు బరువుకి కనీసం పది రెట్లు జెల్.

డీఎన్‌ఏ తీసే ద్రావణంలో సీటాబ్ 2 శాతం, ఉప్పు 1.4 మోలార్, ట్రిస్ 100 మిల్లీమోలార్ పీహెచ్ 8, ఈడీటీఏ 20 మిల్లీమోలార్, పీవీపీ 1 శాతం, వాడే ముందు మెర్‌కాప్టోఇథనాల్ 0.2 శాతం. 65 డిగ్రీల్లో 45 నిమిషాలు, పది నిమిషాలకోసారి మెల్లగా తిప్పుతూ. క్లోరోఫాం, ఐసోఅమైల్ ఆల్కహాల్ 24:1తో రెండుసార్లు. ఐసోప్రొపనాల్ మూడింట రెండు వంతులు పోశాక రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచకండి, డీఎన్‌ఏతో పాటు జిగురూ దిగుతుంది. పది నిమిషాలు చాలు.

డీఎన్‌ఏ శుద్ధత చూపే 260/280 నిష్పత్తి 1.8 వచ్చిందని సంతోషపడి పంపేస్తారు. జీబీఎస్‌కి 260/230 కూడా చూడాలి, 1.8 కంటే దిగితే ఎంజైము సగం కోసి ఆగుతుంది. ప్లేటు పంపే ముందు పది నమూనాలు తీసి హిండ్-3తో కోసి జెల్ మీద చూడండి. నిలువునా పొగలా పరుచుకోవాలి. పైన దట్టంగా పట్టీ మిగిలిందంటే ఆ నమూనాలో ఖాళీలు కుప్పలుగా వస్తాయి.

పెన్నాతీరం

చెప్పినవన్నీ చేసి చూశాను. మార్కర్ వారీ హెటిరో గ్రాఫ్‌లో రెండు గుట్టలు అచ్చంగా కనపడ్డాయి. రెండో గుట్టలో 611 మార్కర్లు. వాటిలో 140 డామినెంట్‌గా నిలిచాయి, మిగతావి తీసేశాం. 20 శాతం పైగా ఖాళీలున్నవీ పోయాయి. 2,704 మార్కర్లు మిగిలాయి. హెటిరో 3.4 శాతానికి దిగింది.

పొడవు 2,980. లాడ్ 4 దగ్గర 19 గ్రూపులు, లాడ్ 10 దగ్గర 26. ఇప్పుడు ఏ లాడ్ నమ్మాలి?

సర్వేపల్లి_కాలువ

2,704 మార్కర్లంటే జతలు 36 లక్షల పైన. లాడ్ 3 యాదృచ్ఛికంగా వచ్చే అవకాశం పదివేలల్లో ఒకటి అనుకోండి, 360కి పైగా దొంగ జతలు పుడతాయి. రెండు క్రోమోజోములను అతికించడానికి ఒక్క దొంగ జత చాలు. 36 లక్షల్లో ఒకటి కూడా పుట్టకూడదంటే లాడ్ 6 దాటాలి. మీరు 4 దగ్గర చూసిన 19లో ఇలా అతుక్కున్నవి ఉంటాయి.

మరి పైకి ఎంత పోవచ్చు అంటే అది లైన్ల సంఖ్యను బట్టి. మీ 182 లైన్లలో, 30 శాతం లైన్లలో విడిపోయే జతకు లాడ్ దాదాపు 6.5 వస్తుంది. 20 శాతం విడిపోయే జతకు 15. అంటే లాడ్ 10 దగ్గర తెగిన చోట్ల ఖాళీ జాగా ఉంది, అక్కడ మార్కర్లు లేవు అని అర్థం. 71 లైన్లే ఉంటే అదే 30 శాతం జతకు లాడ్ 2.5 దగ్గరే ఆగుతుంది, ఏ గడప పెట్టినా ఇబ్బందే.

1995లో కనోటా, ఓగిల్ రకాల క్రాస్ మీద వచ్చిన హెక్సాప్లాయిడ్ ఓట్స్ మ్యాప్‌కి ఉన్నవి ఆ 71 లైన్లే. ఆర్‌ఎఫ్‌ఎల్‌పీలు (పాతకాలం డీఎన్‌ఏ మార్కర్లు) ప్రధానంగా 561 లోకస్‌లు పెడితే 38 గ్రూపులు తేలాయి. 21కి చేరడానికి మోనోసోమిక్ (ఒక క్రోమోజోము తక్కువున్న) లైన్ల సాయమూ, ఆరు పాపులేషన్ల డేటా కలపడమూ కావలసి వచ్చింది, 2013 దాకా పట్టింది. 2016లో 12 క్రాసులు కలిపి ఇంకా చిక్కటి ఉమ్మడి మ్యాప్ వచ్చింది. ఒక్క క్రాస్ నుంచి 21 రావాలని పట్టుబట్టడం న్యాయం కాదు.

మీరు 7 దగ్గర ఆపండి. తర్వాత ప్రతి గ్రూపులోని ట్యాగ్ (మార్కర్ ఉన్న ముక్క) సీక్వెన్సులను రిఫరెన్స్ జీనోము (ఇప్పటికే చదివి పెట్టిన ఒక రకం జీనోము) మీద వెతకండి. గ్రెయిన్‌జీన్స్ సైటులో ఓటీ3098, సాంగ్ రకాల జీనోములు రెండూ ఉన్నాయి. 64 బేసుల ట్యాగ్ కాబట్టి మూడు జీనోముల్లోనూ తగులుతుంది. ఉత్తమ పోలికకీ రెండో పోలికకీ మధ్య కనీసం రెండు బేసుల తేడా ఉన్నవే లెక్కలోకి తీసుకోండి. ఒక్కో గ్రూపుకి మెజారిటీ ఏ క్రోమోజోమో చూసి, ఒకే క్రోమోజోము తాలూకు రెండు ముక్కలకు ఒకే పేరు ఇచ్చి మధ్యలో ఖాళీ అని చూపించండి. అక్కడ దూరం మాత్రం రాయకండి.

ఒంగోలు_శనగ

రిఫరెన్స్ చూసి గ్రూపులు కలపడం అంటే జవాబు చూసి లెక్క చెయ్యడం కాదా? మరి లింకేజీ మ్యాప్ గీయడం దేనికి?

సర్వేపల్లి_కాలువ

మంచి ప్రశ్న. పేరు పెట్టడానికి రిఫరెన్స్, వరుసకి మాత్రం మీ లైన్లే. గ్రూపు లోపల మార్కర్ల క్రమాన్ని రిఫరెన్స్ చూసి సర్దకూడదు. రిఫరెన్స్ అంటే ఒక రకం తాలూకు జీనోమే, మీ తల్లిదండ్రుల క్రోమోజోములు అలాగే ఉండాలని లేదు. ఎక్కడ తేడా వస్తుందో అదే కనిపెట్టాల్సిన విషయం.

పెన్నాతీరం

లాడ్ 7 దగ్గర 24 గ్రూపులు. రిఫరెన్స్‌తో పోలిస్తే 23 గ్రూపులకు ఒక్కో క్రోమోజోమే తేలింది. వాటిలో కొన్ని ఒకే క్రోమోజోము ముక్కలు. కానీ ఒక్క గ్రూపు మాత్రం తేలడం లేదు. 118 మార్కర్లు, 310 సెంటీమోర్గాన్లు. సగం 1ఎ (ఎ జీనోములో 1వ క్రోమోజోము) మీద, సగం 1సి మీద. లాడ్ 15కి పెంచినా విడిపోదు. మధ్యలో ఒకచోట 1ఎ, 1సి మార్కర్లు ఒకటి విడిచి ఒకటి కలగలిసి ఉండాయి, వాటి మధ్య దూరం దాదాపు సున్నా. హెటిరో ఎక్కువున్న మార్కర్లు ఆ గ్రూపులో ఒక్కటీ లేదు. ఇంకా ఏ తప్పు మిగిలిందో అంతుచిక్కడం లేదు.

కందుకూరు_బేరన్

అది తప్పు కాదు. మీ క్రాస్‌లో ఉన్న అసలు విషయం అదే.

ఓట్స్‌లో పేరు మోసిన ట్రాన్స్‌లొకేషన్ ఒకటుంది. పాత పేర్లతో 7సి-17ఎ అంటారు, కొత్త పేర్లలో అది 1సి, 1ఎ. ఈ రెండు క్రోమోజోములూ ముక్కలు మార్చుకున్న రూపం కొన్ని రకాల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఓగిల్‌లో ఉంది, కనోటాలో లేదు. 2016 ఉమ్మడి మ్యాప్‌లో ఎంఆర్‌జి28 అని కనపడే గ్రూపు ఇదే. మీ తల్లిదండ్రుల్లో ఒకరికి ఉండి ఇంకొకరికి లేదన్నమాట.

ఎఫ్1లో ఏమవుతుందంటే, ఈ నాలుగు క్రోమోజోములూ జతలుగా కాక నలుగురూ కలిసి శిలువ ఆకారంలో చేతులు పట్టుకుంటాయి. పాత రూపం రెండూ ఒక వైపు, మారిన రూపం రెండూ ఇంకో వైపు పోతేనే పుప్పొడికి జన్యువులు సమంగా అందుతాయి. అడ్డదిడ్డంగా పోతే కొన్ని ముక్కలు రెండేసి, కొన్ని అసలు లేకుండా వెళ్తాయి, అవి ఎక్కువగా నిలవవు. అంటే తెగిన చోటుకి దగ్గరున్న 1ఎ మార్కర్, తెగిన చోటుకి దగ్గరున్న 1సి మార్కర్, వేర్వేరు క్రోమోజోముల మీద ఉండి కూడా ఒకటిగా వారసత్వంగా వస్తాయి. మీ సున్నా దూరం అదే. లాడ్ 30కి పెంచినా ఆ లింకేజీ విడిపోదు, ఎందుకంటే అది నిజమైనదే.

సాఫ్ట్‌వేర్‌కి తెలిసింది ఒక గీత మాత్రమే. నాలుగు కొమ్మలున్న చెట్టుని ఒక గీత మీద సర్దమంటే కొమ్మలను ఒకదానిలోకి ఒకటి దువ్వేస్తుంది. 310 సెంటీమోర్గాన్లు అలా వచ్చింది.

రూఢి చేసుకోడానికి ఒక పని చెయ్యండి. ఆ 118 మార్కర్లకీ జతల వారీ మార్పిడి నిష్పత్తి తీసి, రిఫరెన్స్ స్థానాల వరుసలో 1ఎ, ఆ పక్కనే 1సి పేర్చి రంగుల పటం గీయండి. మామూలుగా అయితే రెండు చతురస్రాల్లోనే రంగు ఉండాలి, మూల చతురస్రాలు ఖాళీ. ట్రాన్స్‌లొకేషన్ ఉంటే మూల చతురస్రంలో ఒక చోట ముదురుగా మొదలై నాలుగు వైపులకీ పలచబడుతూ మచ్చ కనపడుతుంది. ఆ ముదురు బిందువే తెగిన చోటు.

ఎఫ్1 గింజ మిగిలి ఉంటే, లేదా మళ్లీ క్రాస్ చేయగలిగితే, కళ్లతోనే చూడొచ్చు. కంకి ఇంకా పొట్టలో ఉండగానే తీసి ఆల్కహాల్, అసిటిక్ ఆమ్లం 3:1లో ఒక రోజు నిలవబెట్టి, అసిటోకార్మిన్‌తో పుప్పొడి తల్లి కణాలు చూడండి. మామూలు ఎఫ్1లో 21 జతలు. మీ దాంట్లో 19 జతలు, ఒక నాలుగు కలిసిన గుత్తి కనపడాలి. పుప్పొడి వంధ్యత్వం మాత్రమే చూసి తేల్చకండి. హెక్సాప్లాయిడ్‌లో మిగతా జీనోములు లోటు పూడుస్తాయి కాబట్టి పుప్పొడి చాలావరకు బాగానే రంగు పట్టుకుంటుంది.

ఒంగోలు_శనగ

అయితే మ్యాప్‌లో ఒకే గ్రూపుగా చూపించడమే నిజాయితీ కదా, లింకేజీ నిజమైనది అంటున్నారుగా?

కందుకూరు_బేరన్

లింకేజీ నిజం, ఒకే వరుస అనేది నిజం కాదు. ఒకే గీతగా వేస్తే చదివేవాళ్లు 1ఎ చివర నుంచి 1సి చివరకు 310 సెంటీమోర్గాన్లు అనుకుంటారు, అలాంటి దూరం ఏ క్రోమోజోములోనూ లేదు. మార్కర్లను రిఫరెన్స్ ప్రకారం రెండుగా చీల్చి, 1ఎ విడిగా, 1సి విడిగా వరుస కట్టండి. రెండింటి మీదా తెగిన చోటుకి గుర్తు పెట్టి, ఆ గుర్తుల మధ్య ట్రాన్స్‌లొకేషన్ వల్ల వచ్చిన లింకేజీ ఉందని బొమ్మ కింద రాయండి. ట్రాన్స్‌లొకేషన్ చుట్టుపక్కల మార్పిడులు తగ్గుతాయి, అక్కడ మార్కర్లు కుప్పబడితే సాగదీసే ప్రయత్నం చెయ్యొద్దు.

7డి మీద కూడా ఒక కన్నేసి ఉంచండి. అక్కడ పెద్ద తిరగబడ్డ ముక్క కొన్ని రకాల్లో ఉంది. తల్లిదండ్రులు తేడాగా ఉంటే భౌతికంగా ఎంతో దూరం ఉన్న మార్కర్లన్నీ ఒకే బిందువు మీద పడతాయి.

పెన్నాతీరం

పటం గీశాను. మచ్చ అచ్చం మీరు చెప్పినట్టే ఉంది అన్నా. రెండుగా చీల్చితే 1ఎ 104, 1సి 97 సెంటీమోర్గాన్లు. 7డిలో మామూలుగానే ఉంది.

ఇంకొక్కటి. నిష్పత్తి 1:1 నుంచి తప్పిన మార్కర్లు 14 శాతం. చాలావరకు రెండు గ్రూపుల్లోనే గుమిగూడి ఉన్నాయి, రెండింట్లోనూ గింజ రకం అల్లీల్ వైపే మొగ్గు. వీటిని తీసెయ్యాలా?

ఉదయగిరి_మెట్ట

తియ్యకండి. 5 శాతం గడప దగ్గర కై-స్క్వేర్ (నిష్పత్తి తప్పిందా అని చూసే పరీక్ష) 3.84 దాటడానికి 182లో 105:77 చాలు. ఏ కారణం లేకపోయినా నూటికి ఐదు మార్కర్లు అలా దాటుతాయి. అవి చెదురుమదురుగా ఉంటాయి. ఒక్కటే మార్కర్ తప్పి, ఇరుపక్కల ఉన్నవి సరిగా ఉంటే అది కాల్ తప్పు, దాన్ని తీసెయ్యండి. వరుసగా ఇరవై మార్కర్లు ఒకే వైపు మొగ్గితే అక్కడ ఏదో ఎంపిక జరిగింది.

తరాలు ఎక్కడ దాటించారు? నెల్లూరులోనే రబీలో అయితే నా అనుమానం పూత మీదికి పోతుంది. ఓట్స్ పొడవు పగలు కోరే పైరు. నెల్లూరు 14 డిగ్రీల అక్షాంశం, డిసెంబరులో పగలు 11 గంటల పైచిలుకే. పూత ఆలస్యమయ్యే లైన్లు ఫిబ్రవరి ఎండల దాకా కంకి వెయ్యవు, వేసినా గింజ కట్టదు. ఒక్కో గింజ పద్ధతిలో ఆ లైన్లు తరతరానికీ రాలిపోతాయి. మిగిలిన 182లో తొందరగా పూసే అల్లీల్ వైపు మొగ్గు ఉండటం సహజం.

పెన్నాతీరం

అవును, మూడు తరాలు ఇక్కడే. మొదట 240 లైన్లతో మొదలుపెట్టాం, 58 గింజ కట్టక పోయాయి.

ఉదయగిరి_మెట్ట

అదే అయ్యుంటుంది. ఆ రెండు గ్రూపుల్లో పూత జన్యువులు ఉన్నాయేమో 182 లైన్ల పూత రోజులతో పోల్చండి, తేలిపోతుంది. మళ్లీ పాపులేషన్ చేసేటప్పుడు గదిలో 22 గంటల వెలుతురు, పగలు 22, రాత్రి 17 డిగ్రీలు పెడితే ఆలస్యపు లైన్లు కూడా నిలుస్తాయి. ఏడాదికి ఒక తరం బదులు నాలుగైదు దాటించొచ్చు.

మొగ్గున్న మార్కర్లను ఉంచినంత మాత్రాన మ్యాప్ చెడదు. జాయిన్‌మ్యాప్ గ్రూపులు విడదీసే ఇండిపెండెన్స్ లాడ్ ఈ మొగ్గును తట్టుకుంటుంది. తీసేస్తే మాత్రం ఆ క్రోమోజోములో పూత జన్యువున్న ముక్కే మాయమవుతుంది.

మొలగొలుకులు

చివరిగా లైన్ల వారీ లెక్క కూడా ఒకసారి చూసుకోండి. 2,800 సెంటీమోర్గాన్ల మ్యాప్‌లో ఆర్‌ఐఎల్ లైనుకి సగటున 56 చోట్ల తల్లి ముక్క నుంచి తండ్రి ముక్కకి మారాలి. 40-75 మధ్య ఉంటే సరే. ఏదైనా లైనులో 130 దాటితే ఆ డీఎన్‌ఏ చెడిపోయింది, లేదంటే గింజలు కలిశాయి. తల్లిలోనూ తండ్రిలోనూ లేని అల్లీల్ కనపడితే పరాయి పుప్పొడి పడినట్టు. అలాంటి లైన్లను తీసి వరుస మళ్లీ కట్టండి.

పెన్నాతీరం

రెండు లైన్లు 160 పైన ఉన్నాయి, తీసేశాం. 180 లైన్లు, 2,704 మార్కర్లు, ఒకేచోట పడినవి కలిపితే 1,090 బిన్లు. 1ఎ, 1సి చీల్చాక 25 ముక్కలు, 21 క్రోమోజోముల పేర్లూ కుదిరాయి, పొడవు 2,760. పూత రోజుల పోలిక మొదలుపెట్టాను.

కందుకూరు_బేరన్

క్యూటీఎల్ (లక్షణాన్ని నడిపే జన్యు ప్రాంతం) వెతికేటప్పుడు ఒక్క జాగ్రత్త. 1ఎ మీద శిఖరం వస్తే 1సి మీద కూడా దాని నీడ వస్తుంది, రెండు జన్యువులని లెక్కపెట్టకండి. తెగిన చోట ఉన్న ఒక మార్కర్‌ని కోఫాక్టర్‌గా (దాని ప్రభావం ముందే లెక్కలో తీసేసేలా) పెట్టి రెండు క్రోమోజోములనూ మళ్లీ నడపండి. రెండు శిఖరాలూ పడిపోతే లక్షణం ట్రాన్స్‌లొకేషన్‌తోనే నడుస్తోంది. అప్పుడు అది ఎ మీదో సి మీదో ఈ క్రాస్‌తో తేలదు, ఇద్దరికీ ఒకే రూపం ఉన్న తల్లిదండ్రులతో ఇంకో క్రాస్ కావాలి.